మచ్చికైన జింక మీద తుపాకీ ఎత్తే ముందు

టెక్సస్‌లో జింకల వేట జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. దానికి నెల ముందు నుంచే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు అడుగుతుంటారు, ఆఫీసులో ఫ్రెండ్ తన రాంచ్‌కి రమ్మంటున్నాడు, లైసెన్స్ ఎక్కడ తీసుకోవాలి, తుపాకీ ఏది కొనాలి అని. ఆ రెండిటికీ జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాస్తున్నది ఎవరూ అడగని మూడో విషయం గురించి. మీ ముందుకొచ్చి నిలబడిన జింక మనిషి పెట్టే తిండికి మచ్చికైనదా, అయితే దాన్ని కొట్టొచ్చా, ఆ సంగతి ట్రిగ్గర్ మీద వేలు పెట్టకముందే ఎలా కనుక్కోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మాంసం కోసం చట్టప్రకారం వేటాడేవాళ్లంటే నాకు గౌరవమే. మా ఇంట్లోనూ ఆదివారం మటన్ వండుకుంటాం, కోసేవాడు పాపాత్ముడు, తినేవాడు పుణ్యాత్ముడు అనే లెక్క నాకు లేదు. కానీ తిండి పెట్టి పెట్టి మనిషంటే బెదురు పోగొట్టి, ఆ బెదురు పోయిన జంతువునే కొట్టడం వేట కాదు. దానికి తెలుగులో మాట ఉండనే ఉంది, నమ్మించి గొంతు కోయడం.

"మరి మేకని కూడా చేత్తో మేపి కోస్తాం కదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మేకని సాకేవాడు దానికి కొట్టం కట్టాడు, నక్క రాకుండా కాపలా కాశాడు, రోగమొస్తే మందు పోశాడు, దాని బాధ్యత మొత్తం తన మీద వేసుకున్నాడు, కోసేరోజు దాన్ని వేట అని చెప్పుకోడు. అడవి జంతువుకి అడవిలో ఉన్న ఒకే ఒక్క రక్ష దాని బెదురు. దానికి పిడికెడు మొక్కజొన్న వేసిన మనం ఆ బెదురు లాగేసుకుంటాం, బదులుగా ఏ రక్షణా ఇవ్వం. తేడా అక్కడ ఉంది.

ఫీడర్ వేరు, మచ్చిక వేరు

చాలామంది తికమక పడేది ఇక్కడే. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో మొక్కజొన్న చల్లి జింకని కొట్టడం చట్టబద్ధం. రాష్ట్రంలో నూటికి తొంభై పాళ్లకు పైగా భూమి ప్రైవేటుదే కాబట్టి ఏ డీర్ లీజుకి (జింకల వేటకని అద్దెకిచ్చే భూమికి) వెళ్లినా ఫీడర్ కనబడుతుంది. మూడు కాళ్ల స్టాండు మీద పెద్ద డ్రమ్ము, కింద బ్యాటరీతో తిరిగే చిన్న పళ్లెం, ఒక టైమర్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పళ్లెం గిర్రున తిరిగి గింజల్ని చుట్టూ విసిరేస్తుంది, కొన్ని సెకన్లలో అయిపోతుంది. కొన్నాళ్లకి ఆ చప్పుడు వినపడగానే జింకలు పొదల్లోంచి తలలు ఎత్తుతాయి.

అయితే ఇలాంటి జింక అలవాటు పడింది ఫీడర్‌కి, మనిషికి కాదు. గాలి మళ్లి మీ వాసన తగిలిందంటే ముందు కాలు నేలకేసి కొడుతుంది, ముక్కుతో బుస్సుమని ఊదుతుంది, తోక నిలువుగా లేపి కింద ఉన్న తెల్లటి భాగం కనబడేలా ఊపుకుంటూ రెండు దూకుల్లో మాయమవుతుంది. తెల్లతోక జింక అనే పేరు అందుకే వచ్చింది. ఆ బెదురు ఉన్నంతవరకు, ఫీడర్ దగ్గర వేటనీ పండిన జొన్నచేను గట్టున మాటు వేసి చేసే వేటనీ పూర్తిగా వేరు చేసి తప్పు పట్టడం నాకు చేతకాలేదు. నాకు నచ్చదు, అది వేరే సంగతి. తుపాకీ పట్టి ఇంకా రెండు మూడు సీజన్లు కాని మనిషికి, జింక 80 గజాల్లో కదలకుండా పక్కకి తిరిగి నిలబడితే గురి తప్పదు, గాయపడి తప్పించుకుపోయే జంతువులు తగ్గుతాయి అని అనుభవజ్ఞులు చెప్పే వాదనలో నిజం ఉంది.

నేను వద్దంటున్నది రెండో రకం సంగతి. మనిషిని చూసి దగ్గరికొచ్చే జింక.

మూడేళ్ల కిందట ఒక స్నేహితుడితో టెక్సస్‌లోనే హిల్ కంట్రీ అనే గుట్టల ప్రాంతంలో ఒక రాంచ్‌కి వెళ్లాను. తెల్లవారక ముందే బ్లైండ్‌లో కూర్చున్నాం. బ్లైండ్ అంటే మన పొలాల్లో మంచె లాంటిదే, కాకపోతే నాలుగు గోడలు, చిన్న కిటికీలు ఉంటాయి. వెలుగు వచ్చింది, ఫీడర్ తిరిగింది, గింజలు రేకు మీద పడ్డట్టు టకటకా చప్పుడు. నాలుగు జింకలు వచ్చాయి. మూడు ఫీడర్ దగ్గరే ఆగి తింటున్నాయి. నాలుగోది, ఒక ఆడ జింక, గింజల్ని పట్టించుకోకుండా నేరుగా మా మంచె వైపు నడిచి వచ్చి కిటికీ కింద ఆగింది. తల పైకెత్తి చూసింది. చెవులు ముందుకి వాలి ఉన్నాయి, ఎడమ చెవి అంచున పాత చీలిక ఉంది, ముక్కు తడిగా మెరుస్తోంది. కాలు నేలకేసి కొట్టలేదు, తోక ఎత్తలేదు. నా తుపాకీ గొట్టం కిటికీ బయటికి జానెడు ఉంది, అది ఆ గొట్టం వైపే చూస్తూ పెదాలు కదిపింది. నాకు అర్థమయ్యేసరికి ఒళ్లు జలదరించింది, దాని ఎదురుచూపు తిండి కోసం. తర్వాత రాంచ్ యజమానిని అడిగితే చెప్పాడు, వేసవి సెలవుల్లో వాళ్ల పిల్లలు అదే మంచెలో ఆడుకుంటూ ఆ కిటికీలోంచి ఆపిల్ ముక్కలు విసిరేవాళ్లట.

తుపాకీ లోపలికి తీసుకున్నాను. నా లైసెన్స్ సరిగ్గా ఉంది, టైము సరిగ్గా ఉంది, ఆడ జింకని కొట్టే అనుమతీ ఉంది. కానీ ఆ జింక రావడం నా మాటు వల్ల కాదు, పిల్లల ఆపిల్ ముక్కల వల్ల.

ముందే కనుక్కోవడం ఎలా

నాలాగా మంచె ఎక్కాక తెలుసుకునే పరిస్థితి మీకు రాకుండా చూసుకోండి. రమ్మన్న మనిషిని వారం ముందే అడగండి, మొహమాట పడొద్దు. ఫీడర్ నింపేది ఎవరు, టైమర్‌తో పడుతుందా లేక బండిలో వచ్చి చేత్తో చల్లుతారా, బండి హారన్ కొడితే జింకలు వస్తాయా, ఇంటి వరండా నుంచి ఎవరైనా తిండి వేస్తున్నారా, వాటిలో దేనికైనా పేరు పెట్టారా. ఈ చివరి ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది కానీ అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే. పేరు పెట్టారంటే ఆ జింక ఎవరి చేతిలోనో తింటోంది. ఆ పేరున్న జింక ఎలా ఉంటుందో ఫోటో అడిగి తీసుకోండి, లేదా ఆ రాంచ్ వద్దనుకోండి.

జంతువు కదిలితే దానంతటదే ఫోటో తీసే ట్రైల్ కెమెరా ఉంటే ఆ ఫోటోలు పంపమనండి. మనుషులు ఫీడర్ నింపి వెళ్లిన ఎంతసేపటికి జింకలు వచ్చాయో టైము చూడండి. గంటల తర్వాత వస్తే మంచిదే. మనిషి వీపు ఇంకా ఫ్రేములో ఉండగానే వెనక జింక నిలబడి ఉంటే ఇక చెప్పేదేముంది.

వీలైతే ముందు రోజు సాయంత్రం తుపాకీ లేకుండా నడవండి. మీరు కనబడగానే జింక ఏం చేస్తుందో చూడటమే పరీక్ష. ఆగి, చూసి, కాలు కొట్టి, తోక లేపి పోతే దాని బెదురు దానికుంది. నిలబడి మిమ్మల్నే చూస్తూ ఉండిపోతే అనుమానించండి. మీ వైపు రెండడుగులు వేస్తే ఆ చుట్టుపక్కల మాటు వేయకండి. ఇక్కడొక జాగ్రత్త, శరదృతువులో ఎద వేళ మగ జింకలు ఆడవాటి వెనక పడి ఒళ్లు మరిచి తిరుగుతాయి, అప్పుడు మనుషులకి దగ్గరగా వచ్చినా అది మచ్చిక కాదు. అలాగే రోగమొచ్చిన జింక కూడా బెదురు లేకుండా నిలబడుతుంది. చిక్కిపోయి, చొంగ కారుస్తూ, తల వేలాడేసి తూలుతున్న జింకని చూస్తే కొట్టి మాంసం తెచ్చుకోకండి, వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయండి.

చట్టం గురించి రెండు ముక్కలే, ఎందుకంటే చట్టం ఈ ప్రశ్నకి సగమే జవాబిస్తుంది. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పబ్లిక్ హంటింగ్ భూముల్లో మామూలుగా ఎర వేయడం కుదరదు. పావురాలు, బాతుల్లాంటి వలస పక్షుల విషయంలో ఫెడరల్ చట్టం చాలా కఠినం, చల్లిన గింజలన్నీ ఎత్తేసినా ఇంకో 10 రోజుల వరకు ఆ చోటుని ఎర వేసిన చోటుగానే చూస్తారు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, మామూలుగా వాళ్లు తుపాకీ ముట్టుకోవడమే ఫెడరల్ నేరం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ ఫ్రెండ్ మాట మీద వెళ్లకుండా లాయర్‌ని అడగండి. ఇక ఇండియా సంగతి, సెలవులకి వెళ్లినప్పుడు ఊళ్లో ఎవరో అడవిపంది కోసం రమ్మన్నా, కుందేలుకి ఉచ్చులు పెడదామన్నా వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే ఎర వేయడం కూడా ఉంది, చంపకపోయినా అది వేటే. నాకు ఆ నిర్వచనం చాలా సరైనదనిపిస్తుంది.

బాబాయి అడిగిన ప్రశ్న

పోయినేడు మా బాబాయి వచ్చి రెండు నెలలు మా దగ్గరున్నాడు. ఈ జింక సంగతి చెప్తే కాసేపు ఆలోచించి, "వాలి ఇదే అడిగాడు కదరా, చాటు నుంచి కొట్టావేంటని. రాముడేమన్నాడు? మాంసం కోసం మనుషులు మృగాల్ని పరిగెత్తేటప్పుడూ కొడతారు, బెదిరినప్పుడూ కొడతారు, నమ్మకంగా నిలబడి ఉన్నప్పుడూ కొడతారు, అందులో దోషం లేదన్నాడు. నువ్వు రాముడి కంటే ఎక్కువా?" అన్నాడు. కిష్కింధకాండలో ఆ జవాబు నిజంగానే ఉంది, ఆయన కల్పించి చెప్పింది కాదు. నేను మూడు రోజులు దాని గురించే ఆలోచించాను.

నాకు తోచింది ఇది. అక్కడ చెప్పిన మృగం తనంతట తాను ఏమరుపాటుగా ఉంది. దానికి ఆ నమ్మకం ఇచ్చింది వేటగాడు కాదు. నీళ్ల దగ్గర నిశ్చింతగా నిలబడిన దుప్పిని చాటునుంచి కొట్టేవాడు దాని అజాగ్రత్తని వాడుకున్నాడు. తిండి పెట్టి దగ్గర చేసుకున్నవాడు ఆ అజాగ్రత్తని తనే తయారు చేశాడు. ఈ రెండూ ఒకటి కావు. బాబాయి పూర్తిగా ఒప్పుకోలేదు, "తిండి పెట్టింది నువ్వు కాదు కదా, వాళ్ల పిల్లలు కదా" అన్నాడు. దానికి నా జవాబు, పెట్టిన చెయ్యి ఎవరిదైనా జింకకి తెలిసింది మనిషి చెయ్యి అనే. ఆ కిటికీలో నా మొహం చూసి వచ్చింది కాబట్టి ఆ క్షణానికి ఆ నమ్మకం నా మీద పెట్టిందే.

అమెరికాలో వేటగాళ్లకే ఈ పట్టింపు పాతది. 1902లో మిసిసిపీలో ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ ఎలుగుబంటి వేటకి వెళితే, ఆయన కోసమని ఒక ఎలుగుని కొట్టి చెట్టుకి కట్టేసి ఉంచారు. కట్టేసినదాన్ని కాల్చనని ఆయన తేల్చి చెప్పాడు. మన పిల్లలు పక్కలో వేసుకుని పడుకునే టెడ్డీ బేర్ పేరు ఆ సంఘటన నుంచే వచ్చింది. ఆ కథలో పిల్లల పుస్తకాలు చెప్పని సగం ఇంకోటి ఉంది, అప్పటికే దెబ్బలు తిని బాధపడుతున్న ఆ ఎలుగుని కత్తితో చంపించి దాని బాధ ముగించమన్నది కూడా ఆయనే. ఆ రెండో సగం కూడా గుర్తుంచుకోవాలి, దాని అవసరం ఇప్పుడే వస్తుంది. ఆయన 1887లో మొదలుపెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఇప్పటికీ ఫెయిర్ చేజ్ అని ఒక నియమం పాటిస్తుంది, జంతువు మీద వేటగాడికి అన్యాయమైన పైచేయి ఉండకూడదు అని. మచ్చికైన జింకకి తాడు కనబడదు గానీ అదీ కట్టేసి ఉన్నట్టే.

తిండి పెట్టకపోయినా బెదురు పోతుంది, అదీ చూసుకోవాలి. 2015లో జింబాబ్వేలో హ్వాంగే పార్కు దగ్గర చంపిన సెసిల్ అనే సింహం టూరిస్టు బండ్లకి అలవాటు పడినది, దాన్ని కళేబరం ఎరగా వేసి పార్కు బయటికి రప్పించి బాణం వేశారు, ఆ బాణంతో అది వెంటనే చావలేదు, గంటలకొద్దీ గాయంతో తిరిగింది. ప్రపంచమంతా అంత కోపం తెచ్చుకున్నది సింహం చచ్చిందని మాత్రమే అనుకోను, మనిషిని చూసి పారిపోనక్కర్లేదని దానికి నేర్పింది మనుషులే కాబట్టి.

చంపక తప్పకపోతే

కొన్నిసార్లు తప్పదు. ఎల్లోస్టోన్‌లో దశాబ్దాల పాటు టూరిస్టులు కార్ల కిటికీల్లోంచి ఎలుగుబంట్లకి బ్రెడ్డు పెట్టారు, హోటళ్ల చెత్తకుప్పల దగ్గర అవి మేస్తుంటే కూర్చుని చూశారు. 1970 ప్రాంతంలో ఆ చెత్తకుప్పలు మూసేశాక రుచి మరిగిన ఎలుగులు క్యాంపుల మీద పడ్డాయి, చాలావాటిని చంపాల్సి వచ్చింది. పెట్టినవాళ్లు ఫోటోలు తీసుకుని ఇళ్లకి వెళ్లిపోయారు. మనుషుల మీదకి వచ్చే జంతువునైనా, మేత చాలక చిక్కిపోతున్న మందనైనా తగ్గించాల్సి వస్తే ఆ పని వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ వాళ్లతో, వాళ్లు చెప్పిన పద్ధతిలో జరగాలి. ఒక్క దెబ్బకి పోవాలి, మాంసం వృథా కాకూడదు, కొమ్ములు పట్టుకుని ఫోటో దిగి గొప్పగా చెప్పుకోకూడదు. అది వేట కాదు, మనుషుల తప్పుకి జంతువు కట్టిన మూల్యం, ఆ పేరుతోనే పిలవాలి.

టెక్సస్‌లో పొలాల్ని నాశనం చేసే అడవిపందుల సంగతి వేరుగా చూస్తాను. అవి ఇక్కడి జాతి కాదు, వేగంగా పెరుగుతాయి, వాటికి మొక్కజొన్న ఎర వేసి పెద్ద బోనులో మందనంతా ఒకేసారి పట్టడమే పనిచేసే పద్ధతి. అక్కడ కూడా ఎర అన్నది నమ్మించడమే, కాదనను. కానీ ఒకదాన్ని చంపి మిగతావాటిని చెదరగొట్టి ఏళ్ల తరబడి ఆ పని సాగదీయడం కంటే అది తక్కువ బాధ.

మీ పెరట్లో

నిజానికి మనలో తుపాకీ పట్టేవాళ్లు తక్కువ, పెరట్లో జింకలకి తిండి వేసేవాళ్లు చాలా ఎక్కువ. అరటితొక్కలు, మిగిలిన అన్నం, చపాతీ ముక్కలు. మూగజీవాలకి పెడితే పుణ్యమని అమ్మ చెప్పింది, నిజమే, కానీ ఇక్కడ మీ కంచె అవతల అరమైలు దూరంలో ఎవరిదో లీజు ఉండొచ్చు, మీ చేతికి అలవాటైన జింక అక్కడి మనిషి దగ్గరికి కూడా అలాగే నడిచి వెళ్తుంది. తిండి కూడా దానికి మంచిది కాదు. ఆకులూ చిగుళ్లూ తినే కడుపులో ఒక్కసారిగా ఎక్కువ మొక్కజొన్నో అన్నమో పడితే పులిసిపోయి ఆమ్లం పెరుగుతుంది, ఒక్కోసారి కడుపు నిండి ఉండగానే చచ్చిపోతుంది. అన్నీ ఒకేచోట మూతులు పెట్టి తింటే చొంగ ద్వారా క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, జింకని చిక్కి చిక్కి చచ్చేలా చేసే రోగం అంటుతుంది. 1967లో కొలరాడోలో మొదట కనబడిన ఈ రోగం టెక్సస్‌లో 2012లో బయటపడింది, మందు లేదు, దాన్ని తెచ్చే ప్రయాన్లు అనే వికృత ప్రోటీన్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. మనుషులకి సోకినట్టు రుజువు లేదు, అయినా రోగం తేలిన జింక మాంసం తినొద్దనే ఆరోగ్య శాఖలు చెప్తాయి, కాబట్టి ఎవరైనా మాంసం ఇస్తే టెస్ట్ చేయించారా అని అడగండి.

మన దగ్గరా ఇదే జరిగింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపని చంపాక, దారిలో కోతులకీ జింకలకీ తిండి పెట్టొద్దని తిరుమలలో కట్టడి చేశారు. తిండి కోసం కోతులూ జింకలూ మెట్ల దగ్గరికొస్తే, వాటి కోసం చిరుత వస్తుంది.

మానేయడం ఎలాగంటే, ముందు చేత్తో వేయడం, పిలవడం ఆ రోజే ఆపండి. తిండి నెల రోజులుగా రోజూ పెడుతున్నట్టయితే ఒక వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపండి, నడిచలికాలంలో ఒక్కసారిగా కాకుండా వసంతంలో చిగుళ్లు వచ్చాక ఆపితే ఇంకా నయం. తగ్గించే రోజుల్లో కూడా అవి లేనప్పుడు, ఎప్పుడూ పెట్టే చోట కాకుండా చెల్లాచెదురుగా వేయండి. రాలిన పండ్లు ఏరేయండి, బర్డ్ ఫీడర్ ఎత్తులో కట్టండి. దగ్గరికొస్తే గట్టిగా చప్పట్లు కొట్టండి, గిన్నె మీద గరిటెతో కొట్టండి, పిల్లలకి కూడా అదే నేర్పండి. కష్టంగా ఉంటుంది. మా ఆవిడకి చాలా కష్టమైంది, వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడే జింకకి ఆమె రెండేళ్లు పెట్టింది, నేను రాంచ్ నుంచి వచ్చి ఆ కిటికీ సంగతి చెప్పిన రాత్రి ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున గిన్నె, గరిటె తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ జింక రెండు వారాలు కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. తర్వాత ఒకరోజు చప్పుడు వినగానే కాలు నేలకేసి కొట్టి, తోక లేపి, కంచె దూకి పోయింది.